హుద్‌హుద్ తర్వాతి విశాఖ

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను కుదిపేసింది. కరెంటు స్తంభాలు నేలకొరిగి ఊరంతా చీకటైంది. ఆ దెబ్బ తర్వాతే దాదాపు 90 వేల వీధి దీపాలు ఎల్‌ఈడీలుగా మారాయి, తీరంవైపు పేటల్లో తీగలు భూమిలోకి దిగడం మొదలైంది. 2018లో ముడసర్లోవ జలాశయం మీద 2 మెగావాట్ల సౌర పలకలు తేలాయి. వాటికి వేరే స్థలం అక్కర్లేదు, నీడపట్టున నీరు ఆవిరవడమూ తగ్గుతుంది.

2016 జనవరిలో ప్రకటించిన తొలి 20 స్మార్ట్ సిటీల్లో విశాఖతో పాటు కాకినాడ కూడా ఉంది. 100 నగరాల ఆ పథకం 2025 మార్చితో ముగిసింది. ప్రతి నగరానికీ గోడ నిండా తెరలున్న కంట్రోల్ రూమ్ ఒకటి మిగిలింది. అవసరమే, కాదనలేం. కానీ కొండవాలు ఇంటికి బిందె మోసుకెళ్లే మనిషి కష్టం ఆ తెరల మీద కనబడదు.

తెరలతో పనిలేని మార్పూ ఒకటుంది. 2023 డిసెంబరు 9న తెలంగాణ, 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్ మహిళలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలుపెట్టాయి. సెన్సర్లు లేవు, యాప్ లేదు. తెల్లారకముందే పాచిపనికి బయల్దేరే ఆమెకు ఏ కెమెరా కన్నా ఇదే పెద్ద మేలు. బస్సులు చాలక తోసుకోవడమూ నిజమే (ఈ మాట అధికారులకు వినబడాలి).

నగరాల మీద ఈ సంచిక చదివి, మీ వార్డులో ఏది మారిందో, ఏది మారలేదో రాసి పంపండి.