సైకిలూ వాహనమే

నగరంలో తెల్లవారకముందే రోడ్డెక్కేది సైకిలు. పాలపొట్లాలు, దినపత్రికలు, టీ క్యాన్లు దానిమీదనే వీధివీధికీ చేరుతాయి. పొద్దెక్కి కార్లూ బస్సులూ బారులు తీరేసరికి ఆ సైకిలే రోడ్డుకు అడ్డమైన వస్తువుగా కనిపిస్తుంది. వెనుక హారన్లు మోగుతాయి. తొక్కేవాడు సైతం తాను వాహనదారుడనన్న సంగతి మరచి, ఒకచోట పాదచారివలె, మరొకచోట మోటారు సైకిలువాడివలె ప్రవర్తిస్తాడు. ప్రమాదాలకు బీజం పడేది ఈ సందిగ్ధంలోనే.

1988 నాటి మోటారు వాహనాల చట్టం దృష్టిలో సైకిలు మోటారు వాహనం కాదు. దానికి రిజిస్ట్రేషను గాని, నడిపేవారికి లైసెన్సు గాని అక్కరలేదు. దీనిని చాలామంది రహదారి నియమాలన్నింటి నుంచీ లభించిన మినహాయింపుగా భావిస్తున్నారు. వెనుకటి తరంవారికి ఈ భ్రమ ఉండేది కాదు. అనేక పురపాలక సంఘాలు సైకిలుకు పన్ను కట్టించుకొని లోహపు బిళ్ళ ఇచ్చిన రోజులవి. రాత్రివేళ దీపం లేకుండా వెళ్ళినా, వెనుక మరొకరిని ఎక్కించుకొన్నా పోలీసులు ఆపేవారు. చక్రాల్లో గాలి తీసివేయడమూ కద్దు. అది సరైన శిక్షో కాదో గాని, సైకిలును వాహనంగా లెక్కించిన కాలం మాత్రం అదే.

నేడు తరచుగా కనిపించే తప్పు ఎదురుదారిలో రావడం. యూటర్ను దూరమని కొందరు, ఎదుటి బండి కంటికి కనబడుతుంటే తప్పుకోవచ్చునని కొందరు ఈ పని చేస్తారు. గంటకు 15 కిలోమీటర్ల వేగంతో పోయే సైకిలును 40 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు వెనుక నుంచి సమీపిస్తే వేగంలో తేడా 25. ఎదురెదురుగా వస్తే అది 55 అవుతుంది. పైగా పక్కసందులోనుంచి ఎడమకు తిరిగే డ్రైవరు తన కుడివైపే చూస్తాడు. ఎడమనుంచి ఎవరో వస్తారని ఊహించడు.

ఎడమపక్కన పోవాలన్న నియమానికి రోడ్డు అంచును అంటిపెట్టుకొని పోవాలని అర్థం కాదు. ఆగి ఉన్న కారు తలుపు ఏ క్షణంలోనైనా తెరుచుకోవచ్చు. దానికి మీటరు ఎడం ఉంచడం క్షేమం. వానాకాలంలో నీటికింద ఏ గుంత ఉన్నదో అంచున పోయేవారికి తెలియదు. కూడలివద్ద బస్సుకూ కాలిబాటకూ మధ్య ఇరికే సాహసం అన్నింటికంటె ప్రమాదకరం. బస్సు ఎడమకు తిరిగేటప్పుడు దాని వెనుక చక్రాలు ముందు చక్రాలకంటె లోపలికి వస్తాయి. ఆ మూలనున్న సైకిలు డ్రైవరుకు కనిపించకపోవచ్చు. కుడికి తిరగాలంటే ముందుగా వెనుకకు చూసి, చేయి చాచి సూచన ఇవ్వాలి. రద్దీ మరీ ఎక్కువైతే దిగి, పాదచారులతోపాటు సైకిలు నడిపించుకొని దాటడంలో చిన్నతనమేమీ లేదు.

అయితే బాధ్యత అంతా తొక్కేవాడి మీదనే మోపడం న్యాయం కాదు. కదలవలసినది మనుషులే గాని కేవలం వాహనాలు కావని 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం చెప్పింది. హైదరాబాదు ఔటర్ రింగురోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిలు దారి, పైన సౌరఫలకాల కప్పుతో 2023లో ప్రారంభమైంది. మెచ్చదగిన పనే. కాని సైకిలును కారు వెనుక కట్టుకొని అక్కడికి వెళ్ళి వ్యాయామం చేసేవారికి దొరికిన నీడ, బతుకుతెరువుకోసం తొక్కేవారికి నగరం నడిబొడ్డున దొరకడంలేదు. గీతగీసి సైకిళ్ళకు కేటాయించినచోట కార్లు నిలిపితే ఆ గీతకు విలువ ఏమున్నది? కాపలా పని ముగించుకొని రాత్రి పదకొండు గంటలకు ఇంటికి పోయే మనిషి ఆ కారును తప్పించుకొని రోడ్డు మధ్యకు రావలసిందే. అతని సైకిలు వెనుక ఉన్న ఎర్ర అద్దం దుమ్ము కొట్టుకొని ఉంటుంది. దానిని తుడుచుకోవలసినది అతడే. కారును తీయించవలసినవారు వేరే ఉన్నారు.