తాళం వేద్దామా? పట్టు పెంచుదామా?

నెల రోజుల క్రితం మా గది గోడకు ఒక కాగితం అంటించాం. దాని మీద పెద్ద అక్షరాలతో "లాకరా? ఎల్.ఎస్.డి.నా?" అని రాశాం. రాత్రి హాజరుకు వచ్చిన వార్డెన్ సార్ అది చూసి అక్కడే నిలబడిపోయారు. ఎల్.ఎస్.డి. అంటే మత్తుమందు అనుకున్నారట పాపం! అది లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ అనీ, కారు ఇరుసు మధ్యలో ఉండే ఒక రకం గేర్ల పెట్టె అనీ చెప్పాక నవ్వేసి, "అయితే సంచికకు దీని మీదే రాయండి" అన్నారు. ఆ విధంగా ఆటోమొబైల్ డిప్లొమా చివరి ఏడాది చదువుతున్న మా నలుగురికీ ఈ పేజీలు దక్కాయి.

ఆ కాగితం వెనుక ఒక సమస్య ఉంది. మాలో ఒకడి అన్నయ్య పాడేరు ఏజెన్సీలో పాత ఏడు సీట్ల కారు కిరాయికి నడుపుతాడు. ఇంజిన్ శక్తి వెనుక చక్రాలకే వెళ్లే బండి అది. ఆయన రోజూ తిరిగే దారిలో 12 కిలోమీటర్లు మలుపుల తారు రోడ్డు. ఊరు చేరబోయే ముందు అర కిలోమీటరు ఎర్రమట్టి. వానలు పడితే ఆ అర కిలోమీటరులో బండి దిగబడుతుంది. ఒక వెనుక చక్రం గిర్రున తిరుగుతుంది, రెండోది కదలదు. ఎక్కిన వాళ్లంతా దిగి తోయాలి. సంత రోజు అలా ఆగితే కిరాయి పోతుంది. లోపల ఆసుపత్రికి వెళ్లాల్సిన మనిషి ఉంటే ఆ గంట ఎలా గడుస్తుందో చెప్పలేం.

ఒక మెకానిక్ ఆయనకు సులభమైన మార్గం చెప్పాడు. డిఫరెన్షియల్ విప్పి లోపలి గేర్లను వెల్డింగ్‌తో అతికించేస్తే రెండు చక్రాలూ ఎప్పుడూ కలిసే తిరుగుతాయి. ఒక్క రోజు పని, తక్కువ ఖర్చు. "చేయించేయమంటారా?" అని ఆయన మమ్మల్ని అడిగాడు. "వద్దన్నా" అన్నాం. "మీ పుస్తకం వచ్చి బండి తోసెత్తాదేటిరా?" అన్నాడు. ఆయన ప్రశ్న న్యాయమైనదే. అందుకే మా జవాబు వివరంగా రాస్తున్నాం.

ముందు డిఫరెన్షియల్ ఎందుకో చూద్దాం. కళ్లంలో నూర్పిడికి బంతి కట్టి తిప్పిన వాళ్లను మన తాతలు చూశారు. నడిమి గుంజ దగ్గరి ఎద్దు నెమ్మదిగా నడుస్తుంది, చివరి ఎద్దు దాదాపు పరుగెత్తాలి. కారు మలుపు తిరిగినప్పుడూ అంతే. లోపలి చక్రం తక్కువ దూరం, బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి. చక్రాల మధ్య 1.4 మీటర్లు ఉంటే, లంబకోణపు మలుపులో బయటి చక్రం 2.2 మీటర్లు ఎక్కువ నడుస్తుంది. ఒక పూర్తి చుట్టు తిరిగితే ఆ తేడా 8.8 మీటర్లు. ఎద్దుబండికి ఈ చిక్కు లేదు. దాని ఇరుసు తిరగదు, చక్రాలు దేనికవే తిరుగుతాయి. కారులో ఇంజిన్ ఇరుసునే తిప్పాలి కాబట్టి, చక్రాలను తిప్పుతూనే వాటి మధ్య తేడాను ఒప్పుకునే యంత్రం కావలసి వచ్చింది. ఫ్రాన్స్ దేశపు ఒనెసిఫోర్ పెక్యూర్ 1820ల చివర్లోనే తన ఆవిరి బండికి దీన్ని కనిపెట్టాడు.

మామూలు డిఫరెన్షియల్‌కు ఒక గుణం ఉంది. అది రెండు చక్రాలకూ సమానమైన తిప్పుడు బలమే ఇస్తుంది. బురదలో ఉన్న చక్రం 100 పాళ్లే తట్టుకోగలిగితే, గట్టినేల మీద ఉన్న చక్రానికీ 100 పాళ్లే అందుతుంది. మొత్తం 200. ఇంజిన్ ఎంత అరిచినా అంతకు మించి రాదు. అన్నయ్య బండి ఆగేది అందుకే.

దీనికి రెండు మందులు ఉన్నాయి. మొదటిది లాకర్, అంటే తాళం. రెండు చక్రాలనూ ఒకటే ఇరుసులా బిగించేస్తుంది. ఒక చక్రం గాలిలో ఉన్నా రెండోది లాగుతుంది. మన ఊళ్లలో ట్రాక్టరు నడిపిన వాళ్లకు ఇది కొత్త కాదు. దమ్ము చేసేటప్పుడు చక్రం దిగబడితే మడమతో తొక్కే చిన్న పెడలు ఇదే. కాలు తీస్తే తాళం ఊడుతుంది. రోడ్డెక్కాక, మలుపులో దాన్ని తొక్కకూడదని ఏ డ్రైవరైనా చెబుతాడు.

రెండోది లిమిటెడ్ స్లిప్. ఇది తాళం వేయదు, జారుడును అదుపు చేస్తుంది. ఇందులో ముఖ్యంగా రెండు రకాలు. ఒకదానిలో క్లచ్ ప్లేట్లు ఉంటాయి. 1956లో అమెరికాలో ప్యాకార్డ్ కార్లకు వచ్చింది ఈ తరహాదే. ప్లేట్లు క్రమంగా అరుగుతాయి, వాటికి తగిన ప్రత్యేకమైన ఆయిల్ పోయాలి. రెండో రకంలో ప్లేట్లు లేవు, ఏటవాలు పళ్ల గేర్లే ఉంటాయి. వెర్నన్ గ్లీస్‌మన్ 1958లో పేటెంట్ పొందిన టోర్సెన్ ఈ కోవలోనిది. ఇలాంటి గేర్లు జారే చక్రం తట్టుకునే బలానికి, ఉదాహరణకు, మూడు రెట్లు రెండో చక్రానికి ఇవ్వగలవనుకుందాం. పై లెక్కలో 100కు 300 కలిసి 400 అవుతుంది. మామూలు దానికి రెట్టింపు! కానీ చక్రం పూర్తిగా గాలిలోకి లేస్తే సున్నాకు మూడు రెట్లు సున్నానే. అప్పుడు బ్రేకు కొద్దిగా తొక్కి ఆ చక్రానికి కాస్త అడ్డు కల్పించాలి.

ఇక మా అభిప్రాయం. రోజూ తారు రోడ్డు మీద తిరిగే కారుకు, ఊడదీయడానికి వీల్లేని తాళం పనికిరాదు. కారణాలు మూడు.

మొదటిది మలుపు. పైన చెప్పిన 2.2 మీటర్ల తేడా ఎక్కడికీ పోదు. గేర్లు ఒప్పుకోకపోతే టైరే రోడ్డు మీద ఈడ్చుకుపోవాలి. టైర్లు త్వరగా అరుగుతాయి, బండి మలుపు తిరగనని మొండికేసి తిన్నగా పోవాలని చూస్తుంది.

రెండోది తడి రోడ్డు. మామూలు డిఫరెన్షియల్‌తో ఒక చక్రం జారినా రెండోది పక్కకు పోకుండా నేలను పట్టుకుని ఉంటుంది. బిగించేసిన ఇరుసుతో తడి మలుపులో గట్టిగా యాక్సిలేటర్ తొక్కితే రెండూ ఒక్కసారే పట్టు వదిలేయవచ్చు. తోక పక్కకు తిరుగుతుంది. ఘాట్‌లో ఆ పక్కన ఉండేది లోయ.

మూడోది యాక్సిల్ షాఫ్ట్. మేము శిక్షణకు వెళ్లిన షెడ్డుకు ఇలా వెల్డింగ్ చేయించిన బండి ఒకటి వచ్చింది. షాఫ్ట్ మెలితిరిగి విరిగిపోయింది. బజారులో నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు విరిగింది కాబట్టి సరిపోయింది. కొన్ని బండ్లలో షాఫ్ట్ విరిగితే చక్రమే బయటకు వచ్చేస్తుంది.

అయితే లాకర్ చెడ్డదని మేము అనడం లేదు. అవసరమైనప్పుడు వేసి, అక్కర్లేనప్పుడు తీసే తాళం మంచిదే. ఫోర్స్ గూర్ఖాకు ముందూ వెనుకా చేతితో వేసే లాకులు ఇచ్చారు. 2021లో వచ్చిన మహీంద్రా బొలెరో నియోలో ఒక రకానికి వెనుక ఇరుసులో ఈటన్ కంపెనీ తాళం పెట్టారు. ఒక చక్రం రెండోదాని కంటే నిమిషానికి సుమారు 100 చుట్లు ఎక్కువ తిరిగితే అది తనంతట తానే పడుతుంది. వేగం సుమారు 30 కిలోమీటర్లు దాటితే పడదు. తాళం ఎక్కడ వద్దో తయారు చేసిన వాళ్లకే తెలుసన్నమాట!

2023లో మన దేశంలో విడుదలైన మారుతి జిమ్నీలో మరో పద్ధతి ఉంది. జారే చక్రాన్ని ఒక్కదాన్నే కంప్యూటర్ బ్రేకుతో పట్టుకుంటుంది, బలం రెండోదానికి పోతుంది. ట్రాక్టరుకు కుడి, ఎడమ బ్రేకులు విడివిడిగా ఉంటాయి కదా, అదే సూత్రం. కారు హ్యాండ్ బ్రేకు లాగితే ఈ పని జరుగుతుందని కొందరు అనుకుంటారు. మామూలు డిఫరెన్షియల్‌తో జరగదు. ఎందుకంటే అది రెండు చక్రాలనూ ఒకేలా పట్టేస్తుంది.

ముందు చక్రాలతో నడిచే చిన్న కార్ల సంగతి ఇంకా తేలిక. అక్కడ లాగేదీ తిరిగేదీ ఆ చక్రాలే. వాటిని బిగించేస్తే స్టీరింగ్ చేతికి లొంగదు. అంత కోరిక ఉంటే ఏటవాలు గేర్ల లిమిటెడ్ స్లిప్ ఒక్కటే తగినది. నిజానికి ఊళ్లో తిరిగే చాలా కార్లకు ఏదీ అక్కర్లేదు, మంచి టైర్లు చాలు.

"లిమిటెడ్ స్లిప్ కొనేంత డబ్బు నాకెక్కడిది?" అని అన్నయ్య అడిగాడు. ఇదే అసలు ప్రశ్న. బురదలో ఆగితే పోయేది ఆ రోజు కూలి. అది చిన్న సంగతని మేము ఎన్నడూ అనం, మా ఇళ్లలో రోజు కూలి అంటే ఏమిటో మాకు తెలుసు. కానీ ఆయన దారిని మళ్లీ కొలిచి చూడండి. బురద అర కిలోమీటరు, మలుపులు 12 కిలోమీటర్లు. బండిని అర కిలోమీటరు కోసం మార్చి, 12 కిలోమీటర్లలో ఏడుగురి ప్రాణం పణంగా పెట్టడం ఎలా సబబు? బురద బండిని ఆపుతుంది, అంతే. మలుపు అలా వదలదు.

చివరికి ఆయన వెల్డింగ్ మానుకున్నాడు. వెనుక రెండు టైర్లు లోతైన గాడులున్నవి వేయించాడు. డిక్కీలో రెండు చెక్క పలకలు, ఒక పార పెట్టుకున్నాడు. ఈ వానాకాలం రెండుసార్లు దిగబడ్డాడు. రెండుసార్లూ పలకలతోనే బయటపడ్డాడు. "మీ పుస్తకం తొయ్యలేదు గానీ చెక్క తోసిందిరా" అని ఫోన్ చేశాడు. డబ్బు కూడితే గేర్ల లిమిటెడ్ స్లిప్ వేయిస్తానంటున్నాడు. ఆయన బండికి సరిపడేది దొరికితే మేమే దగ్గరుండి బిగిస్తాం.

రేపు షెడ్డుల్లో నిలబడబోయే తమ్ముళ్లకు రెండు మాటలు. పాత బండి వస్తే వెనుక చక్రాలు రెండూ ఎత్తి, స్టాండ్లు పెట్టి, ఇంజిన్ ఆపి, న్యూట్రల్‌లో ఒక చక్రాన్ని చేత్తో తిప్పండి. మామూలు డిఫరెన్షియల్ అయితే రెండోది సాధారణంగా ఎదురు తిరుగుతుంది, వెల్డింగ్ చేసినదైతే అదే వైపు తిరుగుతుంది. లాకరో, లిమిటెడ్ స్లిప్పో ఉన్న బండిని ఒక్క చక్రమే జాకీ మీద ఎత్తి గేరు వేయకండి, నేల మీద ఉన్న చక్రం బండిని జాకీ మీంచి దూకిస్తుంది.

ఎవరైనా వచ్చి "వెల్డింగ్ చేసెయ్" అంటే చేతులు వెంటనే పనిలోకి దిగకూడదు. ఈ బండి ఏ దారిలో తిరుగుతుంది, ఎంతమంది ఎక్కుతారు అని ముందు అడగాలి. మెకానిక్ చదువుకు మేము నేర్చుకున్న అర్థం అదే.