జింకల జబ్బుకు ప్రజల సొమ్మెందుకు?

ప్రజల సొమ్మును ప్రభుత్వం దేనికి ఖర్చు పెట్టాలి, దేనికి పెట్టకూడదు అనే వాదన ప్రజాస్వామ్యం ఉన్న ప్రతి దేశంలోనూ ఉంటుంది. వరద వస్తే పెట్టాలి, కరువు వస్తే పెట్టాలి. ఇందులో ఎవరికీ పేచీ లేదు. అయితే ఒక జబ్బు ఉంది. అది వరదలా మీద పడదు. కరువులా కంటికి కనిపించదు. చాప కింద నీరులా పాకుతుంది. పైగా అది మనుషుల జబ్బు కాదు, జింకల జబ్బు. అందులోనూ కొందరు ఆసాములు కంచె వేసి పెంచుకునే జింకల్లో కూడా వచ్చే జబ్బు! దానికి సర్కారు డబ్బు ఎందుకు పెట్టాలి? అమెరికాలో పాతికేళ్ళుగా నలుగుతున్న ఈ ప్రశ్న మీద నా అభిప్రాయం చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

"అమెరికా జింకల గొడవ మనకెందుకోయ్, సావనీరుకి ఇంకేమీ దొరకలేదా?" అని మిత్రులు అడగవచ్చు. నిజమే, ఈ జబ్బు మన దేశంలో బయటపడలేదు. మన చట్టాల ప్రకారం జింకలను ఫారం పెట్టి పెంచుకోవడమూ కుదరదు. కాని నేను సైన్సు విద్యార్థిని, రైతు ఇంట్లో పుట్టినవాణ్ణి. పశువుకు జబ్బు చేస్తే ప్రయోగశాలలో ఏం ఆలోచిస్తారో కొంచెం తెలుసు, పాకలో ఏం ఆలోచిస్తారో ఇంకొంచెం ఎక్కువ తెలుసు. ఈ రెండు ఆలోచనలూ కలవనిచోట ప్రభుత్వ సొమ్ము ఎలా వృథా అవుతుందో చూడాలంటే ఈ జింకల కథను మించిన ఉదాహరణ నాకు కనిపించలేదు.

1967లో కొలరాడో రాష్ట్రంలోని ఫోర్ట్ కాలిన్స్‌లో ఒక పరిశోధనా కేంద్రం దొడ్లలో ఉంచిన మ్యూల్ డీర్ జాతి జింకలు చిక్కిపోవడం మొదలైంది. మేత ఉంది, నీళ్ళున్నాయి. అయినా ఎముకల గూడులా తయారై, తల వాల్చి, చొంగ కారుస్తూ చచ్చిపోయేవి. 1978లో ఎలిజబెత్ విలియమ్స్ అనే పశువైద్య శాస్త్రజ్ఞురాలు వాటి మెదడు ముక్కలను మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే, మెదడంతా స్పాంజిలా చిల్లులు పడి ఉంది. దీనినే క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అంటారు. మన మాటల్లో చెప్పాలంటే, నెలల తరబడి చిక్కి శల్యమైపోయే జబ్బు.

దీనికి కారణం బాక్టీరియా కాదు, వైరస్ కాదు. ప్రియాన్ అనే మడత తప్పిన ప్రోటీను. ఈ ప్రోటీను మంచి రూపంలో ప్రతి జింక ఒంట్లోనూ ఉంటుంది. మడత తప్పినది ఒకటి వచ్చి చేరిందంటే, కుండెడు పాలలో చెంచాడు మజ్జిగ వేసి తోడుపెట్టినట్టు, పక్కనున్న మంచి ప్రోటీనునూ తన రూపానికి మార్చేస్తుంది. అందులో డి.ఎన్.ఎ. లేదు, ఆర్.ఎన్.ఎ. లేదు. అలాంటిది జబ్బు ఎలా తెస్తుందని 1982లో స్టాన్లీ ప్రూసినర్ ఆ పేరు పెట్టినప్పుడు చాలామంది శాస్త్రజ్ఞులే నమ్మలేదు. 1997లో ఆయనకే నోబెల్ బహుమతి వచ్చింది!

ఈ ప్రియాన్ మామూలు మొండిది కాదు. ఉడకబెడితే చావదు, ఫార్మలిన్‌కు లొంగదు. జబ్బు జింక చొంగలో, మూత్రంలో, పేడలో బయటికి వచ్చి మట్టిలో ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. టీకా లేదు, మందు లేదు. అన్నిటికన్నా చెడ్డ సంగతి ఏమంటే, జబ్బు అంటిన జింక ఏడాది, ఏడాదిన్నర, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ కాలం చూడ్డానికి దుక్కలా ఉంటుంది. ఖాయంగా తేల్చాలంటే చచ్చిన తర్వాత మెదడు మూలంలోని ముక్కనో, గొంతు దగ్గరి లింఫు గ్రంథినో పరీక్ష చేయాలి. మనుషులకు ఇది సోకినట్టు ఇంతవరకు రుజువు కాలేదు. అయితే దీని దగ్గరి చుట్టమైన పిచ్చి ఆవు జబ్బు 1986లో బ్రిటన్ ఆవుల్లో బయటపడితే, అది మనుషులకూ వస్తున్నదని 1996లో గాని తెలియలేదు. అందుకనే జబ్బు జింక మాంసం తినవద్దని అక్కడి ఆరోగ్య శాఖలు చెబుతుంటాయి.

ఇక ఫారాల సంగతి. అమెరికాలో, కెనడాలో ఎల్క్‌నూ, తెల్లతోక జింకనూ మాంసానికీ, లేత కొమ్ములకూ, డబ్బు కట్టి వేటాడే కామందుల సరదాకూ పెంచుతారు. మేలుజాతి పోతులను లారీల్లో ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి అమ్ముతారు. కొలరాడో, వయోమింగ్‌ల మూల ఉన్న జబ్బు 1996లో కెనడాలోని సస్కాచెవాన్ ఎల్క్ ఫారంలో తేలింది. 1997లో దక్షిణ డకోటా ఫారంలో తేలింది. 2001లో దక్షిణ కొరియాలో, కెనడా నుంచి తెచ్చుకున్న ఎల్క్‌లలో తేలింది. జింక పసిఫిక్ మహాసముద్రం ఈదలేదు గదా! అలాగని తప్పంతా ఫారాలదే అనడం న్యాయం కాదు. అడవి జింకల్లో అది తనంతట తానూ పాకుతోంది. 2025 జనవరిలో జార్జియాలో కూడా బయటపడేసరికి అమెరికాలో ముప్పై పైచిలుకు రాష్ట్రాలు దీని బారిన పడ్డాయి.

డబ్బు కథ ఇప్పుడు చూడండి. 2001లో అమెరికా వ్యవసాయ శాఖ ఫారం ఎల్క్‌లలో ఈ జబ్బును అత్యవసర పరిస్థితిగా ప్రకటించి నిధులు విడుదల చేసింది. జబ్బు మందను చంపించుకున్న ఆసామికి విలువ కట్టి అందులో 95 శాతం, జంతువుకు 3,000 డాలర్లు మించకుండా, ఇవ్వవచ్చునని నిబంధన పెట్టారు. తర్వాత ఏమైంది? పది సంవత్సరాలు గడిచేసరికి ఉత్సాహం చల్లారింది. 2012లో ఫారాల మందలకు ధ్రువీకరణ ఇచ్చే జాతీయ పథకం నిబంధనలు అమలులోకి వచ్చాయి. పన్నెండు నెలలు దాటిన ప్రతి జంతువూ చచ్చినప్పుడు పరీక్ష చేయించాలి, లెక్కలు రాయాలి, అయిదేళ్ళు నిష్కళంకంగా ఉంటే ధ్రువీకరణ. చక్కటి నిబంధనలే! కాని సరిగ్గా ఆ కాలానికే సమాఖ్య నిధులను బాగా కోసేశారు, పరిహారం ఆగిపోయింది. తర్వాత మళ్ళీ కొద్దికొద్దిగా మొదలుపెట్టారు. చట్టం వచ్చిన ఏడే సొమ్ము పోవడమంటే, పలుపు కొని గేదెను అమ్ముకున్నట్టు లేదూ?

2022 డిసెంబరులో అమెరికా కాంగ్రెసు ఇంకో చట్టం చేసింది. 2028 దాకా ఏటా 7 కోట్ల డాలర్లు, సగం పరిశోధనకు, సగం నివారణకు. వినడానికి ఘనంగా ఉంది. అయితే అది అనుమతి మాత్రమే. ఏ ఏటికి ఆ ఏడు బడ్జెట్టులో వేరుగా కేటాయిస్తేనే రూపాయి కదులుతుంది, అదే, డాలరు కదులుతుంది. 2023లో రాష్ట్రాలకూ, ఆదివాసీ తెగల ప్రభుత్వాలకూ వ్యవసాయ శాఖ ప్రకటించిన సాయం సుమారు 1.2 కోట్ల డాలర్లు. కాగితం మీది అంకెకూ, చేతికందే అంకెకూ మధ్య దూరం మనకొక్కళ్ళకే తెలిసిన విద్య కాదన్నమాట!

నా వాదనకు ఇక్కడే గట్టి ఆక్షేపణ వస్తుంది. "కామందులు కొమ్ముల కోసం జింకల్ని పెంచుకుంటే, ఆ నష్టం కూలివాడు కట్టిన పన్నులోంచి భర్తీ చేయాలా? లాభం వాళ్ళది, జబ్బు మనదా?" ఇది తేలిగ్గా కొట్టిపారేసే మాట కాదు. మొదట్లో నాకూ ఇదే సబబనిపించింది.

కాని విస్కాన్సిన్ రాష్ట్రంలో ఆల్మండ్ అనే ఊరి దగ్గర ఏం జరిగిందో చూడండి. అక్కడొక జింకల ఫారంలో జబ్బు తేలింది. 2006లో మంద మొత్తాన్ని కాల్చి పరీక్ష చేస్తే 76 జింకల్లో 60కి జబ్బు ఉంది. జింకలు పోయాయి, కాని మట్టి ఎక్కడికి పోతుంది? ఆ 80 ఎకరాల చుట్టూ కంచె పడిపోతే అడవి జింకలు లోపలికి వచ్చి మేస్తాయి. చివరికి 2011లో రాష్ట్ర ప్రభుత్వమే 4,65,000 డాలర్లు పోసి ఆ భూమిని కొన్నది. దున్నడానికి కాదు, ఇళ్ళు కట్టడానికి కాదు, కంచె పడిపోకుండా కాపలా కాయడానికి! ప్రజల సొమ్ము ఎలాగూ ఖర్చయింది. తొందరగా పెట్టి ఉంటే జింకల ఖరీదుతో పోయేది. ఆలస్యమైంది గనుక భూమి ఖరీదు కూడా పడింది. కంచె లోపలి జింక ఆసామిది కావచ్చు. కంచె బయటి జింక ప్రజలది. ప్రభుత్వం కట్టేది ఆసామి నష్టం కాదు, ఆ కంచె ధర.

ఇంకొక సంగతి పుస్తకాల్లో దొరకదు, రైతు ఇళ్ళలో దొరుకుతుంది. జబ్బు చేసిందని చెబితే నష్టం, చెప్పకపోతే లాభం అయినప్పుడు ఎవడు చెబుతాడు? మా నాన్న అబద్ధమాడే మనిషి కాదు. కాని గాలికుంటు వచ్చిన ఏడు మా వీధిలో గిట్టలు మెత్తబడిన గొడ్డు ఏ ఇంట ఉందో అందరికీ తెలుసు, పశువుల డాక్టరు గారికి తప్ప. చెబితే సంతలో అమ్ముకోనివ్వరేమో, పాలు పోయించుకోరేమో అని భయం. ఆ భయానికి ఉపన్యాసం మందు కాదు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ళ ఫారాలలో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు కూడా ఊళ్ళలో వినిపించిన మొదటి ప్రశ్న జబ్బు గురించి కాదు, "కోడికి ఎంతిస్తారు, ఎప్పుడిస్తారు?" అన్నదే. అది దురాశ అని పట్నంవాళ్ళు అనుకోవచ్చు. షెడ్డు మీద అప్పు ఉన్నవాడికి అది లెక్క.

అమెరికా జింకల ఆసామికీ ఇదే లెక్క. వేల డాలర్లు పలికే పోతుకు 3,000 మించి రాదంటే, అదీ బడ్జెట్టులో ఉంటేనే వస్తుందంటే, చచ్చిన జింకను పరీక్షకు పంపేముందు అతడు రెండుసార్లు ఆలోచిస్తాడు. ఏడాదిన్నర పైకి కనబడని జబ్బుకు ఆ రెండుసార్ల ఆలోచన చాలు, నాలుగు లారీల్లో నాలుగు జిల్లాలకు పోవడానికి.

కాబట్టి నా అభిప్రాయం ఇది. ప్రభుత్వం సొమ్ము పెట్టాలి, కాని మూడు షరతులతో పెట్టాలి.

ఒకటి: నిధి ఏటేటా తెగిపోకూడదు. ఈ జబ్బు నిదానంగా పనిచేస్తుంది. దానికి ఎన్నికలు లేవు, మార్చి నెల లేదు. పదేళ్ళ జబ్బుకు ఒక ఏటి బడ్జెట్టు ఇవ్వడం దొంగలు పడ్డ ఆరునెలలకు కుక్కలు మొరగడమే.

రెండు: పరిహారం వెంటనే ఇవ్వాలి, కాని నిబంధనలు పాటించినవాడికే ఇవ్వాలి. చెవికి నంబరు, కంచె, కొనుగోలు అమ్మకాల లెక్క, చచ్చిన ప్రతిదానికీ పరీక్ష — ఇవన్నీ ఉంటేనే చెల్లింపు. కెనడా ఇటీవలి కాలంలో ధ్రువీకరణ పథకంలో చేరిన మందలకే పరిహారం అనే దారి పట్టింది. అది న్యాయమైన దారి.

మూడు: ఆసాములూ తలా ఇంత వేయాలి. మన మార్కెట్ యార్డులో బస్తాకు సెస్సు కట్టినట్టు, అమ్మే ప్రతి జింక మీదా కొంత సెస్సు కట్టి ఆ నిధిలో కలిపితే, కూలివాడి పన్ను అన్న ఆక్షేపణకు సమాధానం దొరుకుతుంది. తమ డబ్బు కూడా ఉన్న నిధి కాబట్టి దొంగతనంగా తోలేవాడిని పక్క ఆసామే పట్టిస్తాడు.

ఇంత చేసినా జబ్బు పోతుందా అంటే, పోతుందని నేను పూచీ ఇవ్వలేను. నార్వేలో 2016లో అడవి రెయిన్‌డీర్‌కు ఇది కనిపిస్తే, అక్కడి ప్రభుత్వం వెనకాడకుండా నూర్డ్‌ఫ్యెల్లా ప్రాంతంలోని మందనంతా, రెండు వేలకు పైగా జంతువులను, 2018 వసంతానికల్లా తీసివేసింది. అయినా 2020లో మరో పీఠభూమిలో ఒక కేసు తేలింది. అయితే రెండు చోట్ల ఉన్న జబ్బుతో పోరాడటం వేరు, ముప్పై రాష్ట్రాల జబ్బుతో పోరాడటం వేరు.

ప్రభుత్వం పట్టు విడవకపోతే ఏమవుతుందో మనకు తెలియనిది కాదు. ఒకప్పుడు ఊళ్ళకు ఊళ్ళు గొడ్లను తుడిచిపెట్టిన రిండర్‌పెస్ట్ రోగం దశాబ్దాల పాటు ఊరూరా టీకాలు వేయగా పోయింది. 2006లో మన దేశానికీ, 2011లో ప్రపంచం మొత్తానికీ దాని పీడ విరగడైనట్టు ప్రకటించారు. మా తాత ఆ రోగం పేరెత్తితే ఇప్పటికీ గొంతు తగ్గించి మాట్లాడతాడు. నాకైతే అది పాఠ్యపుస్తకంలో ఒక పేరు. ఆ రోగానికి మంచి టీకా ఉంది, జింకల జబ్బుకు లేదు. ఆ తేడా మరువరాదు. కాని టీకా వేసే మనిషికి జీతం, సీసాను చల్లగా ఉంచే పెట్టెకు కరెంటు, ఇవి ప్రతి ఏడూ అందాయి కనుకనే ఆ టీకా పనిచేసింది. 2019లో గాలికుంటుకూ, బ్రుసెల్లాకూ కేంద్ర మంత్రివర్గం అయిదేళ్ళకు 13,343 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. దాని ఫలితాన్ని కూడా మంజూరైన అంకెను బట్టి కాదు, మా వీధి పాకలదాకా ఏటా రెండుసార్లు సూది వచ్చిందా లేదా అన్నదాన్ని బట్టి లెక్కవేయాలి.

మన కాలేజీలో జువాలజీ, కెమిస్ట్రీ చదివి బయటికెళ్ళే మిత్రులలో కొందరు రేపు ప్రయోగశాలల్లో ఉంటారు, కొందరు సర్కారు కచేరీల్లో ఫైళ్ళ మీద సంతకాలు పెడతారు. బతికున్న జింకలో ఈ జబ్బును తొందరగా, చవకగా, ఖాయంగా పట్టే పరీక్ష ఇంకా కావలసే ఉంది. అది మొదటివారి పని. రెండోవారికి నా మనవి ఒక్కటే. పశువుల జబ్బుకు పరిహారం ఫైలు మీ బల్ల మీదికి వచ్చినప్పుడు దాన్ని దానధర్మం కింద లెక్కగట్టకండి. అవతల ఒక రైతు తన పాకలోని సంగతి బయటికి చెప్పాలా వద్దా అని, ఆ సంతకం కోసమే చూస్తుంటాడు.