ఉచిత విద్యుత్తు – గుండు బల్బు

ప్రభుత్వము వారు నెలకు 200 యూనిట్ల వరకు విద్యుత్తు ఉచితముగా ఇచ్చుచుండగా, వెలుగుచున్న గుండు బల్బును తీసివేసి ఎల్‌ఇడి బల్బు కొనవలసిన కర్మము మనకేమి యని ప్రశ్నించువారికి మా బాన్సువాడలో కొదువ లేదు. చదువురానివారు అన్న సహింపవచ్చును. పఠనమందిరమున దినమునకు నాలుగు పత్రికలు తిరుగవేయు పెద్దలే ఇట్లనుట మాకు మిక్కిలి విచారము కలిగించుచున్నది.

ఉచితమనగా ఎవ్వరును చెల్లింపనిదని అర్థమా? 2024 మార్చి నుండి గృహజ్యోతి పేర మన బిల్లులో సున్న కనబడుచున్నది గాని, ఆ సొమ్ము ప్రభుత్వ ఖజానా నుండి విద్యుత్ సంస్థకు పోవలసినదే. ఖజానా ఎవరిది? అగ్గిపెట్టె మొదలు సిమెంటు బస్తా వరకు కొన్న ప్రతి వస్తువుపై పన్ను కట్టు ప్రజలది. కుడిచేతి జేబులోనిది ఎడమచేతి జేబులో పడినంతనే లాభమని సంతోషించువానిని ఏమందుము? పోనీ, స్వార్థమే చూచుకొందము. 200 యూనిట్లు దాటిన నెలలో ఆ సున్న నిలువదు. ఒక యింట నాలుగు గుండు బల్బులు, ఒక్కొక్కటి 60 వాట్లవి, దినమునకు ఆరు గంటలు వెలిగినచో నెలకు 43 యూనిట్లకు పైగా కాలును. వాని స్థానమున 9 వాట్ల ఎల్‌ఇడిలు పెట్టిన ఆరున్నర యూనిట్లతో సరిపోవును. వేసవిలో కూలరు పెట్టుకొన్న యింటికి ఈ 36 యూనిట్ల వ్యత్యాసమే సున్న బిల్లునకును పూర్తి బిల్లునకును నడుమనున్న గోడ.

వెలుగు తగ్గునేమో యను శంక యొకటి. వాట్లు వెలుగునకు కొలత కావు. అవి మ్రింగు విద్యుత్తునకు కొలత. వెలుగునకు కొలత ల్యూమెను. 60 వాట్ల గుండు బల్బు ఇచ్చునది సుమారు 700 ల్యూమెన్లు కాగా, మంచి 9 వాట్ల ఎల్‌ఇడి ఇచ్చునది 800 మొదలు 900 వరకు. ఈ తేడా ఎక్కడిది? 1879లో ఎడిసను ప్రదర్శించిన దీపము మొదలు గుండు బల్బు ధర్మము ఒక్కటే: సన్నని తీగను కాల్చి తెల్లబరచుట. నేటి టంగ్‌స్టను తీగ సుమారు 2,400 డిగ్రీల వరకు కాగి, తాను తిన్నదానిలో నూటికి అయిదు పాళ్లు మాత్రము వెలుగుగా ఇచ్చి, తక్కినదంతయు వేడిగా వెదజల్లును. అది దీపము కాదు, కొద్దిగా వెలుగు కుంపటి! ఎల్‌ఇడిలో కాలు తీగ లేదు. రెండు విధముల స్ఫటికపు పొరలు ఒకదానినొకటి తాకియుండును; ఒకదానిలో ఎలక్ట్రానులు అధికము, రెండవదానిలో వానికై ఖాళీలు అధికము. విద్యుత్తు పారినప్పుడు ఎలక్ట్రాను ఖాళీలో పడును. పడునప్పుడు విడుచు శక్తియే కాంతి. 1962లో హొలొన్యాక్ ఎఱ్ఱని కాంతిని సాధించెను. నీలికాంతికై మరి ముప్పది యేండ్లు పట్టినది. గాలియం నైట్రైడుతో దానిని సాధించిన అకసాకి, అమానో, నకమురాలకు 2014లో నోబెలు బహుమానము లభించినది. ఆ నీలికాంతికి పసుపుపచ్చని పూత అడ్డము పెట్టిన తెల్లని వెలుగు పుట్టును. మన యింటి బల్బు రహస్యము ఇంతియే.

"ఆరు నెలలకే పోవుచున్నదయ్యా!" యనునది మరియొక ఆక్షేపణ. ఇది అబద్ధము కాదు. అందుచేతనే దీనిని గూర్చి కొంత చెప్పవలసియున్నది. గుండు బల్బు ఆయుర్దాయము సుమారు 1,000 గంటలు, మంచి ఎల్‌ఇడిది 15,000 మొదలు 25,000 గంటలు. ఆరు నెలలకు చచ్చునది సాధారణముగా ఆ స్ఫటికము కాదు. మన 230 వోల్టుల ఏసీ విద్యుత్తును దానికి తగిన డీసీగా మార్చు చిన్న యంత్రాంగము, డ్రైవరు, మాడిపోవుచున్నది. వోల్టేజి ఎగిరిపడు మా వంటి ఊళ్లలో దానికి ఉపద్రవమెక్కువ. మూసిన గాజుడొప్పలో బిగించిన వేడి పోవు దారి లేక కెపాసిటరు ఉబ్బును. వేడిని లాగు అల్యూమినియము లేని, ప్రమాణముద్ర లేని, డబ్బాపై ల్యూమెన్ల సంఖ్య లేని సరకును బండిపై బేరమాడి తెచ్చుకొని ఎల్‌ఇడిని తిట్టుట న్యాయమా? ఎల్‌ఇడి బల్బులకు ప్రమాణముద్ర నిర్బంధమని చట్టము కలదు. ఆ ముద్ర లేని సరకు అమ్ము వర్తకునిది దోషమే. రసీదైన అడుగక కొను మన దోషము దానికి తీసిపోదు.

ఈ రెండింటి నడుమ వచ్చిన సీఎఫ్‌ఎల్‌ను గూర్చి చెప్పవలసినది స్వల్పము. గుండు బల్బుకన్న మేలే గాని, పగిలిన పాదరసము బయటపడును. దాని కాలము తీరినది.

స్వదేశాభిమానులకు వేరొక మాట మనవి చేయుచున్నాము. 2015 జనవరి 5న ప్రారంభమైన ఉజాలా పథకము క్రింద 36 కోట్లకు పైగా బల్బులు పంచబడినవి. సర్కారు టోకున కొన్నందున 2014లో 310 రూపాయలున్న బల్బు కొనుగోలు ధర 2016 నాటికి 38 రూపాయలకు దిగినది. జనము కలిసి కొన్న ఏమగునో దీనికన్న వేరు సాక్ష్యమేల? అయినను బల్బు కూర్పు మనది, లోపలి స్ఫటికము అధికభాగము పరదేశీయము. 2021లో కేంద్రప్రభుత్వము శీతల యంత్రములకును ఎల్‌ఇడిలకును కలిపి 6,238 కోట్ల ప్రోత్సాహము ప్రకటించినది. నూలు కొని తెచ్చి మగ్గము మాత్రము మనదని మురియుట ఎన్నాళ్లు?

ఇక వీధుల సంగతి. 2014 అక్టోబరు హుద్‌హుద్ తుపాను పిమ్మట విశాఖపట్టణమున సుమారు 90 వేల వీధిదీపములను ఎల్‌ఇడిలుగా మార్చిరి. పాత సోడియము దీపము దుబారాది కాదని ఒప్పుకొందము. కాని దాని పసుపు వెలుగులో రంగులు తెలియవు, సగము కాంతి నేలకు రాక నలుదిక్కులకు పోవును. ఎల్‌ఇడి వెలుగును కావలసిన తావుననే దింపవచ్చును. అయితే కంటికి గ్రుచ్చుకొను నీలితెలుపు దీపములు నివాస వీధులకు తగవు. వెచ్చని తెలుపు కోరుడు. మన తెలుగు పట్టణములలో పట్టపగలు మధ్యాహ్నము వేళ వెలుగుచుండు వీధిదీపములను చూచితిమి. పగలు వెలుగు ఎల్‌ఇడికన్న రాత్రి ఆరియున్న గుండు బల్బే పొదుపరి! దీపము మార్చిన కాంట్రాక్టరు మీట వేయువానిని నియమింపడు.

కావున వార్డు సభ్యులను మేము అడుగునది ఒక్కటి. ప్రతి స్తంభమునకు సంఖ్య వేయించి, దీపము ఎన్నడు బిగించిరి, ఎన్నాళ్ల హామీ, చెడిన ఎవరికి చెప్పవలెను అను పట్టికను పఠనమందిరపు గోడపై అంటింపుడు. చదువుటకు మేము సిద్ధముగా నున్నాము.