భుజం మీద డీఎస్‌ఎల్‌ఆర్ దిగుతోంది.. జేబు కెమెరా తిరిగొస్తోంది.. మరి కొనొచ్చా?

డీఎస్‌ఎల్‌ఆర్ కొన్న చాలా ఇళ్లలో సీన్ ఒక్కటే. కొత్తలో రెండు మూడు టూర్లకు మెడలో వేసుకుని తిరుగుతారు.. ఆ తర్వాత అది బీరువాలోకి వెళ్లిపోతుంది. ఫొటోలు బాగా రాక కాదు.. బరువు మోయలేక! నికాన్ డీ850నే తీసుకుంటే బ్యాటరీతో కలిపి కేజీ. దానికి 24-70 ఎఫ్2.8 వీఆర్ లెన్స్ తగిలిస్తే రెండు కేజీలు దాటుతుంది. దేశీయ విమానాల్లో చేతి సంచికి మామూలుగా ఇచ్చేదే 7 కేజీలు. చిన్న మోడల్ అయినా లెన్సులు, చార్జర్, బ్యాగ్ కలిస్తే కొండ మెట్లెక్కేటప్పుడు తెలిసొస్తుంది.

అందుకే చూపు మళ్లీ కాంపాక్ట్ కెమెరాలపై పడింది. సెల్‌ఫోన్ల దెబ్బకు ఇవి దాదాపు కనుమరుగయ్యాయి. 2010లో ఏడాదికి 10 కోట్లకు పైగా తయారైతే.. 2023 నాటికి 20 లక్షల లోపుకు పడిపోయాయి. 2024లో మాత్రం లెక్క మళ్లీ పైకి కదిలింది. 2024 ఫిబ్రవరిలో వచ్చిన ఫుజీఫిల్మ్ ఎక్స్100వీఐ కోసం జనం నెలల తరబడి ఎదురుచూశారు.

అయితే ఇక్కడే అసలు మెలిక ఉంది. బరువు తగ్గితే ఏదో ఒకటి వదులుకోవాల్సిందే. సోనీ ఆర్‌ఎక్స్100 సెవెన్ 302 గ్రాములే.. 24 నుంచి 200 ఎంఎం దాకా జూమ్ ఉంది. కానీ దాని సెన్సార్ మామూలు డీఎస్‌ఎల్‌ఆర్ సెన్సార్‌లో మూడో వంతే. పగటి వెలుగులో తేడా కనిపించదు.. రాత్రి జాతరలో కనిపిస్తుంది. రికో జీఆర్ త్రీది ఇంకో దారి. 257 గ్రాముల్లోనే డీఎస్‌ఎల్‌ఆర్ సైజు సెన్సార్ పెట్టారు.. కానీ జూమ్ లేదు, ఫ్లాష్ లేదు. దగ్గరికి నడిచి వెళ్లాల్సిందే! బ్యాటరీ సంగతీ అంతే. డీ850 ఒక్క చార్జింగ్‌తో 1,840 ఫొటోలు తీస్తే, ఆర్‌ఎక్స్100 సెవెన్ 260 దగ్గరే ఆగిపోతుంది. స్పేర్ బ్యాటరీ కొనక తప్పదు.

చిన్నది కదా, చవగ్గా వస్తుందనుకుంటే పొరపాటే. ఎక్స్100వీఐ మన దేశంలో విడుదలైనప్పుడు ధర రూ.1,59,999. ఈ క్రేజ్ చూసి పదిహేనేళ్ల కిందటి పాయింట్ అండ్ షూట్ కెమెరాలను కూడా సెకండ్ హ్యాండ్‌లో అమ్ముతున్నారు. వాటిలో చాలావరకు 1/2.3 అంగుళాల సెన్సారే.. ఇప్పుడు మీ జేబులో ఉన్న ఫోన్ సెన్సార్ దానికంటే పెద్దదై ఉండొచ్చు. ఆ పాత ఫొటోల రంగు నచ్చి కొంటే సరే, క్వాలిటీ కోసమైతే డబ్బు దండగ.

పెళ్లిళ్లు, పక్షులు, క్రికెట్ తీసేవాళ్లకు ఇవి పనికిరావు. ప్రయాణాలకు, పిల్లల ఫొటోలకైతే ఒక అంగుళం లేదా అంతకంటే పెద్ద సెన్సార్ ఉన్న మోడల్ చూసుకోవచ్చు. లెన్స్ ఊడదు కాబట్టి లోపల దుమ్ము చేరితే సర్వీస్ సెంటర్‌కే వెళ్లాలి.

ఇక పాత డీఎస్‌ఎల్‌ఆర్ అమ్మేసి ఇది కొందామనుకునేవాళ్లు.. ముందు దాని లెన్స్‌ను ఓసారి లైటుకు ఎదురుగా పట్టి చూడండి. మన వానాకాలం తేమకు బీరువాలోనే బూజు పట్టేస్తుంది. అది కనిపిస్తే కొనేవాడు సగం రేటు కూడా చెప్పడు.