నవ్వించడం కించపరచడం కాదు



బ్రిటిష్ హాస్య ధారావాహిక ‘డాడ్స్ ఆర్మీ’ రెండో ప్రపంచ యుద్ధకాలపు స్వచ్ఛంద సైనికులను ఎగతాళి చేసిందని గత సంచికలో మీ వ్యాసకర్త రాశారు. నేను ఒప్పుకోను. దాని రచయితల్లో ఒకరైన జిమ్మీ పెర్రీ కుర్రతనంలో హోంగార్డు అనే ఆ దళంలోనే పనిచేశాడు. తనవాళ్ల మీద తాను వేసుకున్న జోకులవి.

1940 మే 14న బ్రిటన్ యుద్ధ మంత్రి ఆంథోనీ ఈడెన్ రేడియోలో పిలుపునిస్తే ముసలివాళ్లు, కుర్రవాళ్లు ఆ దళంలో లక్షల్లో చేరారు. మొదట్లో చాలామందికి తుపాకులే లేవు. 1968 నుంచి 1977 దాకా బీబీసీలో 80 భాగాలు నడిచిన ఈ ధారావాహికలో, కెప్టెన్‌గా మారిన బ్యాంకు మేనేజరు మ్యానరింగ్ దర్పం చూసి నవ్వుతాం. కానీ నిజంగా ఆపద వస్తే అతను వెనకడుగు వేయడు. వ్యాసకర్త వదిలేసింది ఈ సంగతినే.

మనకూ అలాంటి రోజులున్నాయి. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ, కాకినాడల మీద బాంబులు వేశాయి. మద్రాసు జనం మూటాముల్లె సర్దుకుని పల్లెల బాట పట్టారు. దీపాలార్పమని వీధుల్లో తిరిగిన వార్డెన్ల మీద మనవాళ్లు ఒక్క మంచి హాస్య నాటికైనా రాస్తే బాగుంటుంది.

మన దేశంలో 1946లో బొంబాయిలో మొదలైన హోంగార్డులు ఈ రోజుకీ దినభత్యం మీదే పనిచేస్తున్నారు. వాళ్లను కించపరిచేది ఆ అరకొర భత్యమే గాని హాస్యం కాదు.

– ఒక పాఠకుడు, ఆత్మకూరు, నెల్లూరు జిల్లా