గ్రాములు సరే, కర్త ఎవరు?

మనం ఏం తినాలో, ఎంత తినాలో దేశమంతటికీ చెప్పే పుస్తకం తయారయ్యేది మన హైదరాబాదులోనే. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ దాన్ని మొదట 1998లో తెచ్చింది, 2011లో సవరించింది, 2024 మే నెలలో 17 సూత్రాలతో మళ్ళీ కొత్తగా విడుదల చేసింది. అందులో ఉన్నది మంచి మాటే. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను, తర్వాత ఎవరూ నన్ను సైన్సంటే పడనిదానిలా చూడకుండా. నా పేచీ అంతా ఆ వాక్యాలతోనే.

తెలుగు బి.ఏ. చదివినదాన్ని కదా, ఏ వాక్యం చూసినా ముందు కర్త ఎక్కడుందా అని వెతుకుతాను. కూరగాయలు ఎక్కువగా తినండి, నూనె మితంగా వాడండి, ఉప్పు తగ్గించండి. క్రియ ఉంది, కర్మ ఉంది. కర్త మాత్రం 'మీరు' అని లోపల దాక్కుని ఉంది. ఆ 'మీరు' ఎవరండీ? తినేవాళ్ళా, వండేవాళ్ళా? అచ్చులో అందరూ. ఇంటికొచ్చేసరికి మాత్రం ఆ 'మీరు' ఒక్క మనిషే అవుతుంది. ఆ మనిషి ఎవరో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఊరికే విమర్శించడం దేనికని మా ఇంట్లో నెల రోజులు ఆ లెక్క ప్రకారం వండి చూశాను. మేం నలుగురం: మావారు, అత్తయ్యగారు, ఇంటర్ చదివే మా అమ్మాయి, నేను. రోజుకు 2000 కెలోరీల పళ్ళెం అంటే మనిషికి ఇంత అని సంస్థ వేసిన లెక్క ఇదీ: బియ్యం, గోధుమ, చిరుధాన్యాలు కలిపి 250 గ్రాములు, పప్పులు, గుడ్లు, మాంసం కలిపి 85, ఆకుకూరలతో సహా కూరగాయలు 400, పండ్లు 100, గింజలు 35, నూనె, కొవ్వులు 27, పాలో పెరుగో 300 మిల్లీలీటర్లు. అన్నీ వండకముందు తూకాలు.

దీన్ని నాలుగుతో హెచ్చవేయండి. కూరగాయలు రోజుకు 1600 గ్రాములు. తొక్కలు, తొడిమలు, ఈనెలు పోగా అంత మిగలాలంటే రెండు కిలోల దాకా కొనాలి. నెలకు అరవై కిలోలన్నమాట. సంచి మోసేది ఎవరు? గోంగూర ఆకు ఆకూ తుంచేది, ఇసుక పోయేదాకా తోటకూర మూడు నీళ్ళలో కడిగేది, గోరుచిక్కుడు ఈనెలు తీసేది ఎవరు? ఇంతకుముందు ఒక కూర, ఒక పప్పు, చారుతో అయిపోయే పూట ఇప్పుడు రెండు కూరలు, ఒక పచ్చి ముక్కల గిన్నె అయింది. చిరుధాన్యాలు తినమన్నారు కదా అని కొర్రలు వండితే వాటిని ముందే గుర్తు పెట్టుకుని నానబెట్టాలి. అత్తయ్యగారికి అవి మెత్తగా ఉండాలి, అమ్మాయికి పొడిపొడిగా ఉండాలి. రోజూ గంటకు పైగా పని పెరిగింది. ఆ గంట పుస్తకంలో ఏ పట్టికలోనూ లేదు. పోషకాలకు తూకం ఉంది, ఓపికకు లేదు.

ఇది నా ఒక్కదాని గోడు కాదు. కేంద్ర ప్రభుత్వమే 2019లో చేసిన సమయ వినియోగ సర్వే చూడండి. జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకు 299 నిమిషాలు వెచ్చిస్తున్నారు. మగవాళ్ళు 97 నిమిషాలు. అదీ ఆ పని చేసే మగవాళ్ళ లెక్క. అసలు చేసేదే నూటికి 26 మంది. ఒక శాఖ ఈ లెక్క తీసి అచ్చు వేస్తుంది, ఇంకో శాఖ దాన్ని చూడకుండా ఇంకో గంట పని చెబుతుంది. 17 సూత్రాల శీర్షికలు వరసగా చదివాను. గర్భిణికి అదనపు ఆహారం అందేలా చూడమని ఒకటుంది, ఆ చూసేది ఎవరో లేదు. వంట, తరగడం ఇంట్లో అందరి పని అని ఒక్క శీర్షికైనా లేదు.

"మన అమ్మమ్మలు ఈ పుస్తకాలేవీ లేకుండానే రాగి సంకటి, జొన్నరొట్టె తిని ఉక్కులా ఉండేవారు కాదా?" అనేవాళ్ళున్నారు. వాళ్ళు తినడం మీరు చూశారా? అమ్మమ్మ విసిరింది, దంచింది, వడ్డించింది. అందరూ లేచాక అడుగున మాడిన అన్నంలో పచ్చడి కలుపుకుని, కూర గిన్నె తుడుచుకుని తింది. ఎంత ఉక్కో ఆవిడ రక్తాన్ని అడగాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ళ ఆడవాళ్ళలో రక్తహీనత ఉన్నవారు తెలంగాణలో నూటికి 57.6, ఆంధ్రప్రదేశ్‌లో 58.8. దేశం మొత్తం మీద ఆడవాళ్ళలో 57 అయితే, అదే వయసు మగవాళ్ళలో 25. నెలసరి, కాన్పులు కారణం కాదా అంటారు. అవును. అందుకే కదా ఆమెకు ఎక్కువ పెట్టాల్సింది! ఎక్కువ కావలసిన మనిషి చివర తినే ఇంట్లో ఏ పళ్ళెం బొమ్మ పెట్టినా గోడకు అందంగా ఉంటుందంతే.

ఇక డబ్బు సంగతి. మాకు నెలకు పది కిలోల పప్పు, నాలుగు కిలోల గింజలు కొనడం కష్టమైనా కుదిరింది. గింజలంటే బాదం, జీడిపప్పే అక్కర్లేదు, వేరుశనగలు, నువ్వులతో నెట్టుకొచ్చాను. మా ఇంట్లో పనిచేసే ఆవిడకు అదీ కుదరదు. 2013 ఆహార భద్రతా చట్టం చాలామంది కార్డుదారులకు హక్కుగా ఇచ్చేది మనిషికి నెలకు 5 కిలోల ధాన్యం. పళ్ళెంలో రోజుకు 85 గ్రాములంటే నెలకు రెండున్నర కిలోల పప్పు. ఆ పప్పు హక్కు చట్టంలో లేదు. దుకాణంలో బియ్యం తూచి ఇచ్చి, పుస్తకంలో అన్నం తగ్గించి పప్పు పెంచమంటే ఆవిడ దేన్ని నమ్మాలి?

చివరి సూత్రం ఇంకా ముచ్చటైనది. పొట్లం మీద లేబుల్ చదివి కొనమంటుంది. 2020 నాటి లేబుల్ నిబంధనల ప్రకారం ఆ వివరాలు ఇంగ్లీషులోనో, దేవనాగరి లిపిలో హిందీలోనో ఉంటే చాలు. తెలుగులో వేస్తే అది కంపెనీ దయ. బిస్కెట్ పొట్లం మీద చీమ తలకాయంత అక్షరాలు నాకే కళ్ళజోడు పెట్టుకున్నా ఆనవు. తెలుగు మాత్రమే చదవగలిగిన ఆవిడకు దాని మీద చక్కెర ఎంతో, ఉప్పు ఎంతో ఎవరు చెబుతారు? ప్రకటన మాత్రం చక్కటి తెలుగులో టీవీలో పాడుతుంది. అది అర్థమవుతుంది, పిల్లవాడు ఏడుస్తాడు, ఆవిడ కొంటుంది. తర్వాత "తల్లికి అవగాహన లేదు" అని సమావేశాల్లో మాట్లాడతారు.

ఈ 'అవగాహన' అనే మాటంటేనే నాకు ఒళ్ళు మంట. మనకు తెలియక కాదమ్మా. ఆకుకూర మంచిదని తెలియని ఆడది ఈ రెండు రాష్ట్రాల్లో ఉందా? లేనిది చేతిలో డబ్బు, రోజులో సమయం, పక్కన ఇంకో చెయ్యి. ఈ మూడూ ఇవ్వకుండా జ్ఞానం ఒక్కటే ఇస్తే, చివరికి ఎవరికి షుగరొచ్చినా తప్పు వంటింటి మీదకే వస్తుంది.

కాబట్టి నేను అడిగేవి మూడు. పళ్ళెంలో చూపించిన పప్పు రేషన్‌లో హక్కుగా ఇవ్వండి. తెలుగునాట అమ్మే పొట్లం మీద చక్కెర, ఉప్పు, కొవ్వు తెలుగులో, కంటికి కనిపించేంత అక్షరాల్లో వేయించండి. వచ్చేసారి పుస్తకం రాసేటప్పుడు 18వ సూత్రంగా కర్తను రాయండి: తినేవాళ్ళందరూ తరగాలి, కడగాలి, అందరూ ఒకేసారి కూర్చుని తినాలి.

ప్రభుత్వం చేసేదాకా ఆగక్కర్లేని పని ఇంట్లో ఒకటుంది. ఇప్పుడు మా ఇంట్లో కూరగాయలు తరిగే బాధ్యత మావారిది, అమ్మాయిది. మొదటి వారం బెండకాయ ముక్కలు వేలెడంత ఉన్నాయి. ఉంటే ఉండనీ, ఉడికాయి. నాలుగు కంచాలూ ఒకేసారి పెడుతున్నాను, కూర నాలుగింటిలోనూ సమానంగా వేస్తున్నాను. "నువ్వు తర్వాత తినవచ్చు కదే" అని అత్తయ్యగారు రెండు రోజులు అన్నారు. మూడో రోజు ఆవిడే నా కంచంలో ఇంకో గరిటె తోటకూర వేశారు. ఆవిడ కూడా నలభై ఏళ్ళు చివరే తిన్న మనిషి కదా.